మైనా ముక్కు, తాండూరు కందిచేను

కుక్కలకు నేర్పే పని చేశానంటే జనం రెండే ఊహిస్తారు. కరవడం నేర్పి ఉంటాడు, లేదంటే ముందుకాలు ఎత్తి చెయ్యివ్వడం నేర్పి ఉంటాడు. నేను రెండూ నేర్పలేదు. పూడూరు దగ్గర ఒక మామిడితోటలో లాబ్రడార్ కుక్కలకు ఒకే ఒక్క పని నేర్పాను. కంటికి కనబడని వస్తువును ముక్కుతో వెతికి, పన్ను దిగకుండా నోట పట్టి, తెచ్చి చేతికివ్వడం. నా వయసులో సగం ఈ పనిలోనే గడిచింది. మోకాళ్లు మొరాయించాక మానుకున్నాను.

ఇప్పుడు వికారాబాద్ చుట్టూ ఫాంహౌస్‌లు లేచాయి. ప్రతి ఫాంహౌస్‌లో ఒక లాబ్రడార్, దాన్ని చూసుకోవడానికి ఒక కుర్రాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్పుతున్నామంటూ కొందరు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ జాతి పుట్టింది తుపాకీ పక్కన. వేటగాడు కొట్టిన పక్షి గడ్డిలో పడితే వెతికి తెచ్చివ్వడం దీని తాతలనాటి పని. మన దగ్గర వేట నేరం. అలాగే ఉండాలి కూడా. మా తోటలో తుపాకీ లేదు, పక్షి లేదు. గోనెగుడ్డలో కొబ్బరిపీచు కూరి, సుతిలితో కుట్టిన దోసకాయంత ముద్ద ఉండేది. దాన్ని కట్ట అనేవాళ్లం. దాంతోనే బెంగళూరు వైపు జరిగే పోటీలకు కుక్కలను తయారు చేశాం. వాటిలో కొన్ని గెలిచాయి. ఆ పేర్లన్నీ ఇక్కడ చెప్పను. చెబితే నాకు సంతోషం, మీకేమీ రాదు.

కన్ను సోమరి

నా మొదటి కుక్క రాజా. పసుపుపచ్చని మగ లాబ్రడార్. దున్నిన చెలకలో కట్ట విసిరితే బాణంలా పోయి తెచ్చేది. తోటకు వచ్చిన చుట్టాలు చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ మురిసిపోయేవాణ్ని. ఒకరోజు తోట యజమాని ఆ కట్టను నడుమెత్తు గడ్డిలోకి విసిరాడు. రాజా అంతే వేగంగా పోయింది, పడ్డ చోటు దాకా పోయి ఆగింది. తల పైకెత్తి చుట్టూ చూసి, చివరికి నా ముఖం వైపు చూసింది. కట్ట దాని కాళ్లకు రెండు మూరల దూరంలో ఉంది.

"నర్సింలూ, నువ్వు దానికి బంతాట నేర్పినవ్," అన్నాడు ఆయన.

నిజమే. లాబ్రడార్‌కు ముక్కు పుట్టుకతో వస్తుంది. కానీ కన్నుతో పని జరిగితే ముక్కును వాడదు. మనమూ అంతే కదా, చేతిలో ఫోన్ ఉంటే ఎక్కాలు గుర్తు తెచ్చుకోము. కాబట్టి నేర్పడం అంటే ముక్కును నేర్పడం కాదు, కన్నుకు పని లేకుండా చేయడం. మొదట చీలమండలెత్తు గడ్డిలో విసరండి. కుక్క చూసినా సరే, వెంటనే వదలకండి. కాసేపు పట్టుకొని ఉంచితే పడ్డ చోటు దానికి మసకబారుతుంది. తర్వాత కుక్కను గోడ వెనక కూర్చోబెట్టి విసరండి. అప్పుడిక దానికి ముక్కు ఒక్కటే దారి.

అది వెతుకుతున్నంతసేపూ మీ నోరు మూసుకోండి. ఈ ఒక్క మాట పాటించేవాణ్ని నేనింకా చూడలేదు. "శభాష్, శభాష్, అటు, అటు" అంటూ అరుస్తారు. కుక్క తల ఎత్తి మిమ్మల్ని చూస్తుంది. ఎత్తిన ముక్కుకు నేల వాసన అందదు.

గాలి లెక్క

బడి నాకు లెక్కలు ఎక్కువ చెప్పలేదు. ఏడో తరగతి తర్వాత మేకల వెంట పోయాను. వికారాబాద్ స్టేషన్ బయట పాత పుస్తకాల బండి మీద దొరికిన లెక్కల పుస్తకాలు కొనుక్కొని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నాకు ఏది చూసినా ఎంతకు ఎంత అని అడగడం అలవాటు.

వాసన కూడా లెక్కలోకి వస్తుంది. కట్ట ఉన్న చోట వాసన సన్నగా మొదలై, గాలి పోయే వైపు విసనకర్రలా విచ్చుకుంటుంది. దూరం రెండింతలైతే వెడల్పు రెండింతలు. కానీ అది పక్కకే కాక పైకి కూడా పాకుతుంది కనుక పలచన రెండింతలతో ఆగదు, ఇంకా ఎక్కువ. అంటే దూరం నుంచి విసనకర్ర అంచు తగలడం సులువు, దాన్ని పట్టుకొని ఉండడం కష్టం. కుక్క అందుకే అడ్డంగా తిరుగుతుంది. అంచు తగిలి, తప్పి, మళ్లీ తగిలి, ప్రతిసారీ మలుపు చిన్నదవుతుంది. తెలియనివాడు కుక్క దారి తప్పిందంటాడు. తెలిసినవాడికి ఆ మలుపులు సగమై, పావై కుంచించుకుపోవడం కనిపిస్తుంది.

కుక్కను వదిలే ముందు చిటికెడు దుమ్ము వదిలి చూడండి. దుమ్ము మీ ముఖం మీదికి రావాలి. మీ వీపు వైపు నుంచి గాలి వీస్తుంటే కుక్క కట్టను దాటిపోయాక గానీ వాసన అందదు. పొద్దున మంచు ఆరకముందు వాసన నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. ఎండ ముదిరి నేల కాలితే పైకి లేచిపోతుంది. మా వైపు ఎర్రనేల త్వరగా కాలుతుంది, తాండూరు వైపు నల్లనేల ఆలస్యంగా కాలుతుంది. ఇవేవీ పెద్ద విద్యలు కావు. కానీ వీటిని లెక్కచేయకుండా కుక్కది తప్పనడం మాత్రం పెద్ద తప్పు.

సారు

తోట యజమానిని అందరం సారు అనేవాళ్లం. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. మాట తక్కువ, మెప్పు ఇంకా తక్కువ. కుక్కకు మొదటి నెలల్లో ఏం చేయకూడదో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కోపంలో ఉన్నప్పుడు కుక్కల వైపు వచ్చేవాడు కాదు. అది నేను ఆయన దగ్గర చూసిన గొప్ప గుణం.

ఆయన లోపం విజిల్. ఒక్క ఊదు ఊదితే కుక్క ఎక్కడున్నా ఆగి మన వైపు చూడాలి, తర్వాత చెయ్యి చాచి ఎటు పోవాలో చూపాలి. ఇది అవసరమైన విద్యే. కానీ కుక్క కాస్త తడబడితే చాలు, సారు చెయ్యి విజిల్ మీదికి పోయేది. కుక్క ఆలోచించే లోపలే ఆయన ఆలోచించేసేవాడు. నా పని తెలివిలో సగం సారు నేర్పాడు. పావు వంతు, సారును చూసి ఇది వద్దు అనుకొని నేర్చుకున్నాను. మిగిలిన పావు కుక్కలు నేర్పాయి.

ఖాజా భాయ్ పెళ్లికి పోయిన వారం

మైనా నల్లటి ఆడ లాబ్రడార్. నా చేతి కింద పెరిగిన వాటిలో దాని ముక్కుకు సాటి లేదని అప్పటికే అందరం అనుకుంటున్నాం. గోడ వెనక కూర్చోబెట్టి, ఎక్కడ విసిరినా, వదిలిన వెంటనే గీత గీసినట్టు పోయేది.

విసిరే పని ఖాజా భాయ్‌ది. తోటలో బోరు మోటారు చూసుకునేవాడు, భుజబలం బాగా ఉండేది. ఒక వారం ఆయన చుట్టాల పెళ్లికి గుల్బర్గా పోయాడు. ఆ వారం కొత్తగా కుట్టిన కట్టలను నేను విసిరాను, ట్రాక్టర్ డ్రైవర్ విసిరాడు. మైనా అటు పోయి, ఇటు పోయి, ఉట్టి నోటితో వచ్చి నా ముందు కూర్చుంది. ఒక్క కట్టా తేలేదు. ఒకసారైతే కట్ట పక్కనుంచే దాటిపోయింది. జ్వరమేమోనని డాక్టరుకు చూపించాం. ఏ జబ్బూ లేదన్నాడు. ఖాజా భాయ్ వచ్చి విసిరాడు. మైనా మళ్లీ గీత గీసినట్టు పోయి తెచ్చింది.

సారు ముఖం గట్టిపడింది. "అది ఖాజా కుక్క అయింది. ఒక్క మనిషికి పనిచేసే కుక్కను పోటీకి పట్టుకపోతె పరువు పోతది. తాండూరు సేటు ఒక కుక్క కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నడు. ఇస్తనని మాట చెప్పిన."

తాండూరు సేటు అంటే బసవరాజ్ సేటు, నాపరాళ్లు పాలిష్ చేసే యార్డు ఆయనది. అలాంటి యార్డు నాకు తెలుసు. పొద్దస్తమానం రాయి కోసే మిషన్ల మోత, నీళ్లలో కలిసిన తెల్లటి రాతిపిండి, ఆరితే గాల్లో అదే దుమ్ము. అక్కడ గొలుసుకు కట్టేస్తే మైనా ముక్కు ఎన్నాళ్లుంటుంది? సేటు చెడ్డవాడు కాదు. కానీ ఆ చోటు మైనాది కాదు.

సారుతో వాదించలేదు. వాదనకు బదులు లెక్క చేశాను. నా పద్ధతి ఒక్కటే. ఒకేసారి రెండు సంగతులు మార్చకూడదు. ఒకటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏం జరిగిందో చూడాలి. మొదట ఖాజా భాయ్‌ని మైనా పక్కన నిలబెట్టి నేను విసిరాను. తేలేదు. అంటే మనిషి దగ్గరుంటే చాలదు. తర్వాత ఖాజా భాయ్‌నే విసరమన్నాను. విసిరే ముందు మాత్రం సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమని, నేను వాడినట్టే కొత్త కట్ట ఇచ్చాను.

"నమాజుకు గూడ గింతగనం కడగలే భాయ్," అని గొణిగి కడుక్కున్నాడు. మైనా తేలేదు.

అప్పుడు నాకు వెలిగింది. ఖాజా భాయ్ రోజంతా అరచేతిలో తంబాకు, సున్నం నలుపుతూ ఉంటాడు. నలిపి, దులిపి, పెదవి కింద పెట్టుకొని, అదే చేత్తో కట్ట అందుకొని విసురుతాడు. ఏళ్ల తరబడి ఆయన పక్కన పనిచేసి ఆ వాసన మాకెవరికీ వాసనగా తెలియడం మానేసింది. మైనాకు మాత్రం అదే పాఠం అయింది. మేము కట్టను వెతకడం నేర్పుతున్నామనుకున్నాం. అది తంబాకును వెతకడం నేర్చుకుంది.

ఖాజా భాయ్ డబ్బీలోని తంబాకు నా చేతిలో నలిపి, నేనే విసిరాను. మైనా గీత గీసినట్టు పోయి తెచ్చింది.

ఖాజా భాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరే, నన్ను జూస్తె తోక ఊపుతదని గిన్ని రోజులు ఖుషీ పడ్డ గదనే! నాకు గాదు, తంబాకుకు సలాం గొట్టింది! ఇంట్ల మా బేగమేమో తంబాకు ఇడువుమని లొల్లి. గీమెనేమో ఇడువొద్దంటది. నేనెవల మాట వినాలె భాయ్?"

చూడండి, కుక్క ముక్కులో తప్పేమీ లేదు. ముక్కు అంత మంచిది కాబట్టే అన్నిటికన్నా గట్టి వాసనను పట్టుకుంది. మరి మందు ఏమిటి? కట్టకు కట్ట వాసన ఒక్కటే స్థిరంగా ఉండి, చేతి వాసన రోజూ మారుతూ ఉండాలి. తోటలో కలుపు తీసేవాళ్ల చేత, వంట చేసేవాళ్ల చేత, డీజిల్ పోసే డ్రైవర్ చేత కట్టలు పట్టించి విసిరించాను. ఉల్లిగడ్డ చేతులు, పేడ చేతులు, పసుపు చేతులు.

కలుపుకొచ్చే బాలమణి కట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "నా చెయ్యి వాసన కుక్కకెందుకు నర్సింలన్నా? వండిపెట్టుమంటదా ఏంది?" అంటూనే నడుం బిగించి, అందరికన్నా దూరం విసిరింది.

మొదట మైనా పరేషాన్ అయింది. తర్వాత చేతులన్నీ వేరైనా అన్నిటిలో మిగిలేది ఏదో దానికి తెలిసిపోయింది. తడి గోనె, పీచు, కింద నలిగిన గడ్డి పచ్చి వాసన. ఎవరు విసిరినా తేవడం మొదలుపెట్టింది.

సారు వచ్చి నిలబడి చూశాడు. మెచ్చుకోలేదు. "తోటల తెస్తె తోట వరకే. సేటుకు మాట ఇచ్చిన. నీ తృప్తికి ఒక్కటి జేస్త. సేటు పొలంల, సేటు చేత్తోని ఏసిన కట్ట తేవాలె. తెస్తె ఎన్కకు తెచ్చుకుందం. తేకపోతె ఆడనే ఇడిసిపెట్టి వస్తం. మళ్ల నన్ను అడగొద్దు."

తాండూరు

యార్డులో దిగగానే మైనా వరసగా తుమ్మింది. మిషన్ల పక్కన ఇనుప స్తంభానికి కొత్త గొలుసు ఒకటి అప్పటికే తగిలించి ఉంది. సేటు మా చూపు గమనించి, "రోజు జొన్నరొట్టె, పాలు. నా ఇంట్ల పిల్లల తీరు సూస్కుంట సార్," అన్నాడు. నమ్మాను. నమ్మినా గుండె కుదుటపడలేదు.

యార్డు వెనక ఆయన కందిచేను. కాయ పట్టిన కంది మనిషి ఛాతీ ఎత్తున ఉంది. చేను చుట్టూ నాపరాతి పలకలు నిలబెట్టిన కంచె. మంచు ఇంకా ఆరలేదు. గాలి కుడి నుంచి ఎడమకు పోతోంది. మైనాను జీపు వెనక కూర్చోబెట్టాం. సేటు పంచె ఎగ్గట్టి బలంగా విసిరాడు. కట్ట పడ్డ చోటుకు సూటిగా అవతల ఒక కరెంటు స్తంభం ఉంది. నేను గుర్తు పెట్టుకున్నాను.

వదలబోతుంటే సేటు నా చెయ్యి పట్టుకున్నాడు. "అరె, మా ఊరికొచ్చి చాయ్ తాగకుంట పనా? ముందు చాయ్." ఆయన మనిషి కెటిల్‌తో వచ్చాడు. సారు కాదనలేదు. మన దగ్గర ఎవరు కాదంటారు? నిలబడి, చాయ్ ఊదుకుంటూ, కంది ధర మాట్లాడుకుంటూ తాగాం. మా వీపులు చేను వైపున్నాయి.

తర్వాత స్తంభం వైపు చెయ్యి చూపి మైనాను వదిలాను. కంది పైభాగం కదలడం తప్ప అది కనబడదు. ఆ కదలిక కరెంటు స్తంభం గీత మీదుగా పోయి, సరిగ్గా పడ్డ చోట ఆగింది. చిన్న గుండ్రం తిరిగింది. ఇంకో గుండ్రం తిరిగింది. ఇప్పుడు వెనక్కి వస్తుందనుకున్నాను. రాలేదు. ఎడమకు తిరిగి కంచె వైపు సాగిపోయింది.

సారు నా పక్కనే ఉన్నాడు. "తప్పిపోతున్నది. ఊదు."

విజిల్ నా పెదవుల మధ్యే ఉంది. కట్ట పడ్డ చోటు నా కళ్లారా చూశాను, మైనా దాన్ని వదిలి పోతోంది. ఊదితే ఆగుతుంది. చెయ్యి చాచితే వెనక్కి పోతుంది. ఒకవేళ కట్ట అక్కడే ఉంటే మైనా ఇంటికి వస్తుంది.

"నర్సింలూ, ఊదుమంటున్న."

గాలి లెక్క వేసి చూశాను. గాలి కుడి నుంచి ఎడమకు పోతోంది. మైనా ఎడమకే పోతోంది, అంటే గాలి పోయే దిక్కుకే. గాల్లో వచ్చే వాసన కోసమైతే గాలికి ఎదురు పోవాలి. ఎదురు పోవడం లేదంటే అది పట్టుకున్నది గాల్లో వాసన కాదు, నేల మీది జాడ. ఇక ఆ కదలిక వేగం. వెతుకుతున్న కుక్క ఆగి ఆగి పోతుంది. ఇది ఆగడం లేదు. కట్ట కదలదు, అది నిజం. మరి నేల మీద జాడ ఎలా ఉంటుంది?  అది తెలియకపోయినా మిగతా లెక్క తప్పు కాదనిపించింది. విజిల్ నోట్లోంచి తీసేశాను.

సేటు నవ్వి, సగం కన్నడంలో అన్నాడు. "హోయ్తు బిడ్రి సార్, పోయింది. గొలుసు వేసేద్దామా?"

కంచె దగ్గర ఒక్కసారిగా గుర్రుమన్న శబ్దం. ఒక అరుపు. కంది రెండు పాయలుగా ఊగింది. కాసేపటికి మైనా బయటికి వచ్చింది. నోట్లో కట్ట. ఒక చివర చిరిగి పీచు వేలాడుతోంది. దాని వెనక, పది అడుగుల దూరంలో, ఒక గోధుమరంగు ఊరకుక్క మొరుగుతూ వస్తోంది. తన సొత్తు దొంగిలించారన్నట్టు ఉంది దాని ముఖం. మేము చాయ్ తాగుతున్నంతసేపట్లో అది కట్టను ఎత్తుకొని పోయి కంచె నీడలో నములుకుంటోంది. మైనా పడ్డ చోటికి పోయి, కట్ట లేదని తెలుసుకొని, కట్ట పోయిన దారి పట్టుకొని పోయింది.

మైనా నా ముందు కూర్చొని, కట్టను నా అరచేతిలో వదిలింది. ఊరకుక్క పళ్లు దిగిన చోట్లున్నాయి. మైనా పళ్ల గుర్తు ఒక్కటీ లేదు.

సేటు పంచె దులుపుకొని రెండు చేతులూ ఎత్తాడు. "హౌదా! దొంగ నోట్లకెల్లి గుంజుకొచ్చింది! సార్, నాకు గిదే కుక్క గావాలె. యార్డుల రాళ్లు మాయమైతున్నయ్, గిది పట్టుకుంటది!"

 గెలిచి పోగొట్టుకుంటామా అనిపించింది.

సారు కట్టను నా చేతిలోంచి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "సేటూ, తెస్తె ఎన్కకు తీస్కపోతనన్న. తెచ్చింది."

"అయ్యో, గట్లెట్ల సార్? జర నా సంగతి సూడుండ్రి."

"పిల్లలు వెట్టినంక మొదటి పిల్ల నీది. గొలుసు లేకుంట పెంచుతనంటేనే."

సేటు మైనా వైపు ఒకసారి చూసి, "సరే, గొలుసు లేదు," అని ఇంకో చాయ్ చెప్పాడు. ఈసారి మైనాను పక్కనే పెట్టుకొని తాగాం.

 తిరుగుదారిలో సారు అడిగాడు. "ఊదుమంటె ఊదలేదేంది?"

"నా దగ్గర ఒక్కటే అంకె ఉండె సార్, కట్ట పడ్డ చోటు. దాని దగ్గర మొత్తం లెక్క ఉండె," అన్నాను.

 వికారాబాద్ ఇంకా దూరముండగానే సారు జీపు పక్కకు తీసి ఆపాడు. వెనక కూర్చున్న మైనాను ముందు సీట్లోకి తెమ్మన్నాడు. తెచ్చి కూర్చోబెట్టి, నేను వెనక్కి పోయి, చిరిగిన కట్టను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. అంత గర్వంగా నేను ఏ ముందు సీట్లోనూ ఎప్పుడూ కూర్చోలేదు.